ఎగువన గేటెత్తితే దిగువన ఎర్రర్

నల్గొండలో ఇంజినీరింగ్ పిల్లలను ప్రాజెక్టు అంశం వెతుక్కోమంటే ఫ్లోరైడ్ దూరమేం కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ల కథ ఇంటింటికీ తెలుసు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడిపోయింది. అందుకని పైథాన్ భాషలో రాసిన అలాంటి చిన్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టునొకదాన్ని ఊహించుకుని మాట్లాడుకుందాం. అది ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ మూటల మీద, అంటే లైబ్రరీల మీద, నడుస్తుంది. ఊరివారీ నీటి నమూనాల పట్టికను పాండాస్ అనే లైబ్రరీ చదువుతుంది. సగటులూ హెచ్చుతగ్గులూ నంపై చూసుకుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊరి పేరును పిల్లో ఒక బొమ్మ మీద ఎర్రగా రాస్తుంది. ఆ బొమ్మను ఫ్లాస్క్ వెబ్‌పేజీలో చూపిస్తుంది. మొత్తం కలిపి నాలుగొందల లైన్లు.

రాసింది 2021 మొదట్లో. రాసినవాళ్లు చదువు అయిపోయి హైదరాబాద్ బస్సెక్కేశారు. నాలుగేళ్లకు ఒక జూనియర్ ఆ రిపోను (ప్రాజెక్టు కోడ్ మొత్తం ఉండే ఫోల్డర్‌ను) తన లాప్‌టాప్‌లోకి దించుకుని, కావలసిన లైబ్రరీల జాబితా అయిన రిక్వైర్‌మెంట్స్ ఫైలుతో అన్నీ ఇన్‌స్టాల్ చేస్తాడు. ఇన్‌స్టాల్ నున్నగా అయిపోతుంది. రన్ చేయగానే మొదటి లైన్లోనే ఆగిపోతుంది: జింజాలో ‘ఎస్కేప్’ అనే పేరు దొరకలేదట. ఆశ్చర్యమేమిటంటే ఈ నాలుగొందల లైన్లలో జింజా అన్న మాటే ఎక్కడా లేదు.

రిక్వైర్‌మెంట్స్ ఫైలు తెరిచి చూస్తే ఉన్నవి నాలుగే లైన్లు. ఫ్లాస్క్ == 1.1.2 అని ఒకటి. తక్కిన మూడూ ఉత్త పేర్లు: పాండాస్, నంపై, పిల్లో. వాటి పక్కన ఏ వెర్షనూ లేదు. రాసినవాళ్ల తప్పు పట్టడానికీ లేదు, ఆ రోజు అది చక్కగా ఆడింది. పైగా ఫ్లాస్క్‌కు వెర్షన్ బిగించాం కదా అన్న ధీమా కూడా ఉండి ఉంటుంది. చిక్కంతా ఆ ధీమాలోనే ఉంది.

ఫ్లాస్క్ ఒక్కటే రాదు. జింజా, వెర్క్‌జ్యూగ్, ఇట్స్‌డేంజరస్, క్లిక్ అనే నలుగురిని వెంటబెట్టుకుని వస్తుంది. 1.1.2 వెర్షన్ 2020 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఆ నలుగురి విషయంలో పెట్టిన షరతు ఒక్కటే: ఫలానా వెర్షన్ కానీ, ఆ పైది కానీ. పై హద్దు లేదు. 2022 మార్చిలో జింజా 3.1 వచ్చి ‘ఎస్కేప్’ను తీసేసింది. 2020 నాటి ఫ్లాస్క్ మాత్రం ఇంకా దాన్నే అడుగుతోంది. లైబ్రరీలను దించి ఇన్‌స్టాల్ చేసే పిప్ దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు, రాసుకున్న షరతు ప్రకారం 3.1 చెల్లుతుంది. అందుకే ఇన్‌స్టాల్‌లో నోరెత్తని గొడవ రన్ చేసినప్పుడు బయటపడింది.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. ఎర్రర్ చివరి లైన్ కాపీ చేసి వెతికి, ‘జింజా 3.1 కంటే తక్కువ పెట్టు’ అన్న సలహా దొరకగానే ఫైల్లో ఐదో లైన్‌గా అతికిస్తారు. జింజా ఊరుకుంటుంది, వెంటనే ఇట్స్‌డేంజరస్ లేస్తుంది: 2.1లో ‘జేసన్’ తీసేశారు. దానికి ఇంకో లైన్. అప్పుడు వెర్క్‌జ్యూగ్ వంతు: ‘బేస్‌రెస్పాన్స్’ దొరకలేదని. ఏడో లైన్. మొత్తానికి ప్రోగ్రాం ఆడొచ్చు కూడా. కానీ ఆ మూడు లైన్లు ఎందుకున్నాయో ఇంకో ఏడాదికి వచ్చే మనిషికి తెలియదు, తీస్తే ఏమవుతుందోనని భయపడి అలాగే వదిలేస్తాడు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసినవాళ్లకు కొమ్మల కింద కట్టిన దిమ్మెలు గుర్తుంటాయి. 2018లో చెదలు తొలిచేస్తుంటే మానుకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు కూడా. దిమ్మె కొమ్మను మోస్తుంది, చెదలు చంపదు. సెలైన్ లేకుండా దిమ్మెలే కట్టుకుంటూ పోయిన రిపోలు గిట్‌హబ్ నిండా ఉన్నాయి.

ఫ్లాస్క్ పెద్దలకు ఈ ముప్పు తెలియక కాదు. 2021 మే నెలలో ఫ్లాస్క్ 2.0 విడుదలైన రెండు రోజులకే పాతవాళ్ల కోసం 1.1.3, 1.1.4 వదిలారు. వాటిలో పై హద్దులు పెట్టారు: వెర్క్‌జ్యూగ్ 2.0 లోపు, జింజా 3.0 లోపు, ఇలా. కాబట్టి 1.1.4కు మారితే చాలు అనిపిస్తుంది. కొన్నాళ్లు చాలింది కూడా. 2022 ఫిబ్రవరిలో మార్కప్‌సేఫ్ అనే బుల్లి లైబ్రరీ 2.1కు చేరి ‘సాఫ్ట్ యూనికోడ్’ అనే ఫంక్షన్‌ను తీసేసింది. పాత జింజా దాన్ని వాడుకుంటుంది, మార్కప్‌సేఫ్ మీద జింజా 2.11 పై హద్దు పెట్టుకోలేదు. ఫ్లాస్క్ తన గుమ్మానికి తాళం వేసుకుంది, నీళ్లు పక్కింటి గోడ కింద నుంచి వచ్చాయి.

కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు. సాగర్ నీటిమట్టం చూడాలంటే సాగర్ దగ్గర నిలబడితే సరిపోదు. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం వరసగా చూసుకుంటూ రావాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లూ సరిగ్గా ఇదే మాట వాడతారు: మనం వాడుకునే లైబ్రరీ ఎగువ, మనం దిగువ. మన ఫైల్లో రాసుకున్న హద్దు మన పక్క డ్యామ్ వరకే పనిచేస్తుంది. దాని పైది, ఆ పైది మన చేతిలో లేవు. నాలుగు లైన్ల ఫైలు వెనక నిజంగా దిగిన లైబ్రరీలు ఎన్నో పిప్‌డెప్‌ట్రీ అనే పనిముట్టు చెట్టులా గీసి చూపిస్తుంది. ఎర్రర్ చదవడానికి ముందు ఆ చెట్టు చూడటం మంచిది. ఎవరు ఎవరిని పట్టుకుని లాగుతున్నారో కనపడితే సగం గాభరా తగ్గుతుంది.

అసలు తగాదా తేదీలది. 2020 నాటి ఫ్లాస్కూ 2022 నాటి జింజా ఒకే ఫోల్డర్‌లో కూర్చున్నాయి. ఎవరి కాలంలో వాళ్లు సరిగానే ఉన్నారు. వెర్షన్ నంబర్లలో మూడు అంకెల పద్ధతి ఉందే, అది దీనికోసమే పుట్టింది: మొదటి అంకె మారితే పాత కోడ్ విరగొచ్చు, రెండోది మారితే కొత్త సౌకర్యాలు, మూడోది మారితే మరమ్మతులు. వినడానికి ముచ్చటగా ఉంటుంది కానీ జింజా ‘ఎస్కేప్’ను తీసింది 3.0 నుంచి 3.1కి పోతూ, మార్కప్‌సేఫ్ 2.0 నుంచి 2.1కి పోతూ. రెండో అంకె మారినప్పుడే విరిగింది. ముందుగా హెచ్చరించి తీశారు కాబట్టి వాళ్ల నియమం ప్రకారం అది న్యాయమే. మూడంకెల మీద గుడ్డి నమ్మకం పెట్టుకున్నవాళ్లకే దెబ్బ.

పిప్‌కు ఇందులో పాత్ర పెద్దమనిషిది. అందరి షరతులూ విని, అందరికీ సరిపడే ఒక్కో వెర్షన్‌ను తేల్చాలి. 2020 నవంబర్‌లో 20.3 వచ్చేదాకా ఆ పెద్దరికం నామమాత్రం, ముందు ఎవరు అడిగితే వాళ్ల మాటే నెగ్గేది. ఆ తర్వాతి పిప్ ఒక వెర్షన్ కుదరకపోతే వెనక్కి వెళ్లి ఇంకోటి ప్రయత్నిస్తుంది, ఏదీ కుదరకపోతే కుదరదని మొహం మీదే చెబుతుంది. చాలామంది అప్పట్లో ‘పిప్ పాడైంది’ అని గొణిగారు. నిజానికి అంతకుముందు దాచిపెట్టిన గొడవలను అది బయటపెట్టింది. ఇలా అందరికీ సరిపడే కూర్పు వెతకడం కంప్యూటర్ శాస్త్రంలో ఎన్‌పీ కంప్లీట్ అనే మహా కష్టమైన లెక్కల కోవలోది, కాబట్టి కొన్నిసార్లు నిమిషాల తరబడి నాన్చుతుంది. పైగా పైథాన్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక ప్రాజెక్టు లైబ్రరీలన్నీ కలిసి ఉండే చోట) ఒక లైబ్రరీ ఒకే వెర్షన్‌లో ఉండగలదు. జావాస్క్రిప్ట్‌లో పిప్‌లాంటి ఎన్‌పీఎమ్ అయితే ఒక్కొక్కరికి ఒక్కో కాపీ వేరువేరు ఫోల్డర్లలో పెట్టేస్తుంది. కొట్లాట తగ్గుతుంది, డిస్కు నిండుతుంది.

తేదీల తగాదా అని తెలిశాక దారి కూడా తేదీతోనే దొరుకుతుంది. ముందుకు తోయడానికి ముందు ఒకసారి వెనక్కి వెళ్లాలి. కోడ్‌లో మార్పుల చిట్టా రాసిపెట్టే గిట్ చరిత్రలో చివరి కమిట్ (నమోదైన మార్పు) తేదీ చూసుకోండి, ఉదాహరణకు 2021 మార్చి 1. యూవీ అనే కొత్త ఇన్‌స్టాలర్‌లో ‘ఎక్స్‌క్లూడ్ న్యూయర్’ అనే ఆప్షన్ ఉంది. దానికి ఆ తేదీ ఇస్తే, తర్వాత విడుదలైన వెర్షన్లు లోకంలో లేనట్టే లెక్కగడుతుంది. అప్పుడు ఫ్లాస్క్ 1.1.2 పక్కన జింజా 2.11.3, వెర్క్‌జ్యూగ్ 1.0.1, మార్కప్‌సేఫ్ 1.1.1 వచ్చి కూర్చుంటాయి. ఎవరినీ చేత్తో బిగించకుండానే నలుగురూ ఒక కాలంవాళ్లయ్యారు.

వెనక్కి వెళ్లేటప్పుడు మరిచిపోయేది పైథాన్‌నే. 2021 మార్చి నాటి పాండాస్ 1.2 పైథాన్ 3.9 వరకే తెలిసినది. జూనియర్ లాప్‌టాప్‌లో 3.12 ఉంటే దానికి సరిపడే, ముందే కంపైల్ చేసిన రెడీమేడ్ వీల్ ఫైలు దొరకదు. అప్పుడు ఇన్‌స్టాలర్ సోర్సు దించుకుని అక్కడికక్కడే కంపైల్ చేయబోతుంది. ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, స్క్రీన్ నిండా సీ భాష ఎర్రర్లు పారతాయి. ప్యాకేజీలను కూర్చడానికి వాడే పాత పనిముట్టు డిస్ట్‌యుటిల్స్‌ను 3.12లో పూర్తిగా తీసేయడం కూడా పాత ప్యాకేజీల నడుం విరిచింది. ఇది చూసి పాండాస్‌ను తిట్టుకుంటూ రాత్రంతా కూర్చునేవాళ్లుంటారు. పైథాన్ 3.9 వేరుగా దించుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోయే పని.

ఆ పాత కూర్పులో ప్రోగ్రాం ఆడిందంటే చేతికి ఒక ఆధారం దొరికినట్టు. అప్పుడు రెండు మూడు పరీక్షలు రాసి పెట్టుకోవాలి. పెద్ద హంగామా అక్కర్లేదు. 0.9, 1.5, 3.2 అని మూడు నమూనాలున్న చిన్న పట్టిక ఇచ్చి, ఎన్ని ఊర్లు ఎర్రగా వచ్చాయో చూస్తే చాలు. మధ్యలో 1.5 కావాలనే పెట్టింది. హద్దు మీద కచ్చితంగా నిలబడ్డ విలువ ఇటు పోతుందా అటు పోతుందా అన్నది నాలుగేళ్ల క్రితం ఎలా ఉందో అలాగే ఉండాలి. ఇది తాగునీటి లెక్క.

ఇక ముందుకు నడక. ఒకేసారి కొత్తవన్నీ ఎక్కించేస్తే ఏ ఎర్రర్ ఎవరిదో తెలియదు, కాబట్టి ఒక్కో లైబ్రరీ చొప్పున. అందులోనూ పాటించదగిన కిటుకు ఒకటుంది: నేరుగా చివరి వెర్షన్‌కు దూకకుండా, విరిచే వెర్షన్‌కు సరిగ్గా ముందుదాని దగ్గర ఆగాలి. అక్కడ పాత ఫంక్షన్ ఇంకా పనిచేస్తుంది, కానీ ‘ఇది పోబోతోంది, దీని బదులు ఫలానాది వాడు’ అని హెచ్చరిస్తుంది. పాండాస్‌లో డేటాఫ్రేమ్‌కు (పట్టికకు) ‘అపెండ్’ 1.4లో హెచ్చరికకెక్కి, 2023 ఏప్రిల్‌లో 2.0తో పోయింది. కాబట్టి 1.5.3 దగ్గర మజిలీ. ‘నంపై డాట్ ఫ్లోట్’ మీద 1.20 నుంచి హెచ్చరికలు, 2022 డిసెంబర్‌లో 1.24తో తొలగింపు. కాబట్టి 1.23 దగ్గర మజిలీ. పిల్లోలో అక్షరాల కొలత చెప్పే ‘టెక్స్ట్‌సైజ్’ 2023 జులైలో 10.0తో వెళ్లిపోయింది, కాబట్టి 9.5. ఈ మూడు మజిలీలూ పైథాన్ 3.9లోనే దొరుకుతాయి, భాష మార్చే పని ఇంకా అవసరం లేదు. నేరుగా పిల్లో 10కు దూకినవాడికి కనిపించేది ‘టెక్స్ట్‌సైజ్ లేదు’ అన్న ఒక్క ముక్క. 9.5 దగ్గర ఆగినవాడికి ‘టెక్స్ట్‌బీబాక్స్ వాడు’ అన్న జవాబు కూడా కనిపిస్తుంది. అయితే ఇలాంటి హెచ్చరికల్లో కొన్నింటిని పైథాన్ మామూలుగా దాచేస్తుంది. వార్నింగ్స్ ఆప్షన్‌ను చేత్తో ఆన్ చేయాలి. అది తెలియక ‘ఏ హెచ్చరికా రాలేదే’ అని ముందుకు పోయినవాళ్లు ఎందరో.

ఫ్లాస్క్ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు పేజీలు చూపించే ప్రోగ్రాం 1.1 నుంచి 3.0కు పెద్ద మార్పు లేకుండానే వెళ్తుంది. నంపై 2.0 దగ్గర మాత్రం నిదానించాలి. 2024 జూన్‌లో వచ్చిన ఆ వెర్షన్ పైథాన్ కోడ్‌తో పాటు లోపలి మెమరీ అమరికను కూడా మార్చింది. పాత నంపై ఆధారంగా కంపైల్ అయిన లైబ్రరీ కొత్త నంపైతో కలిస్తే ‘డీటైప్ సైజు మారింది’ అన్న అర్థం కాని ఫిర్యాదుతో కూలుతుంది. పాండాస్ 2.2.2 నుంచే నంపై 2తో పొసగుతుంది. కనుక ఎక్కించే వరస పాండాస్ ముందు, నంపై తర్వాత.

ఇంతవరకూ చూసినవన్నీ అరిచే ఎర్రర్లు. తెలుగు వాడే ప్రాజెక్టుల్లో అరవనిది ఒకటి కాచుకుని ఉంటుంది. పిల్లోలో అక్షరాలు పేర్చే పద్ధతులు రెండు. మొదటిది బేసిక్: ఒక కోడ్ తర్వాత ఒక కోడ్ వరసగా గీసుకుంటూ పోవడం. ఇంగ్లిష్‌కు అది చాలు. రెండోది రాక్మ్ అనే లైబ్రరీ సాయంతో, ఒత్తులూ గుణింతాలూ కూర్చి గీయడం. రాక్మ్ అందకపోతే పిల్లో చడీచప్పుడు లేకుండా బేసిక్‌కు దిగిపోతుంది. అప్పుడు ‘నల్గొండ’ అన్న పేరే చెడుతుంది: ల నెత్తిన పొల్లు విడిగా మిగులుతుంది, కింద ఒత్తు కావాల్సిన గ పక్కన పూర్తి అక్షరంగా నిలబడుతుంది. ‘ఫ్లోరైడ్’ మాటకూ అదే గతి. ప్రోగ్రాం దృష్టిలో అంతా సవ్యమే, బొమ్మ తయారైంది, పరీక్షలన్నీ ఆకుపచ్చ.

ఇది వెర్షన్ల గొడవలో ఎలా భాగమైందంటే, 8.2 నుంచి పిల్లో రెడీమేడ్ వీల్ ఫైళ్లలో రాక్మ్ కలిసే వస్తుంది. కానీ అది ఫ్రీబిడి అనే ఇంకో లైబ్రరీని మిషన్‌లో వెతుక్కుంటుంది. రాసినవాళ్ల ఉబుంటులో అది ముందే ఉండి ఉండొచ్చు. జూనియర్ విండోస్‌లో ఉండకపోవచ్చు. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో దీని ఊసు ఉండదు, ఎందుకంటే ఇది పైథాన్ ప్యాకేజీయే కాదు. అందుకే పిప్ ఎంత మంచి పెద్దమనిషైనా ఈ పంచాయితీ దాని దాకా రాదు. పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూల్‌ను రాక్మ్ ఉందా అని అడిగి, లేకపోతే ప్రోగ్రాంను అక్కడే ఆపేయడం మేలు. చెడ్డ అక్షరాలతో ఊరి పేరు బయటికి పోవడం కన్నా ఎర్రర్ రావడం నయం. దాంతోపాటు ‘నల్గొండ’ అని గీసిన బొమ్మను ఒక తెలుగు కన్ను చూసి సరేననాలి. బెంగళూరులోనో బెర్లిన్‌లోనో కూర్చుని లైబ్రరీ బాగోగులు చూసుకునే మెయింటైనర్‌కు ఆ తప్పు తప్పుగా కనపడదు.

ఇంత చేసినా ఒక్కోసారి నిజంగానే పొసగదు. మ్యాపు గీసే లైబ్రరీ ఒకటి నంపై 2 కంటే తక్కువ కావాలంటుంది, ఇంకోటి 2 కంటే ఎక్కువే కావాలంటుంది. అలాంటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఆ పై హద్దు అనుభవంతో పెట్టిందా, భయంతో పెట్టిందా అని. ఆ లైబ్రరీ గిట్ చరిత్రలో ఆ లైన్ ఏ కమిట్‌లో వచ్చిందో చూస్తే తెలుస్తుంది. ‘నంపై 2లో ఫలానా చోట కూలుతోంది’ అని ఉంటే అది అనుభవం. ‘ఫిక్స్’ అని ఒక్క మాటే ఉంటే ఎక్కువగా భయమే. భయం కేసైతే యూవీలో ఓవర్‌రైడ్ పెట్టి, హద్దును పక్కకు నెట్టి, వాళ్ల పరీక్షలే నడిపి చూడొచ్చు. అన్నీ పాసైతే ఆ ఫలితం జత చేసి ఒక పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలుపుకోండన్న వినతి) పంపాలి. ‘ప్లీజ్ అప్‌డేట్’ అని ఇరవై మంది రాసిన ఇష్యూ (ఫిర్యాదు) కన్నా ఒక్క లైను మార్పుతో వచ్చిన అలాంటి రిక్వెస్టు తొందరగా కదులుతుంది. అనుభవం కేసైతే రెండు పనులను రెండు ఎన్విరాన్‌మెంట్లలో వేరుగా నడిపి, మధ్యలో ఒక సీఎస్‌వీ ఫైలుతో మాట్లాడించడం మొరటుగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. లైబ్రరీలోంచి వాడేది ఒక్క ఫంక్షనే అయితే, లైసెన్స్ చూసుకుని, ఆ ఫంక్షన్‌ను మన రిపోలోకే తెచ్చుకోవడం అంతకన్నా సుఖం.

అన్నీ కుదిరాక వెర్షన్లు రాసుకునే చోట్లు రెండని గుర్తుంచుకోవాలి. ఏది నుంచి ఏది దాకా పొసగుతుందో చెప్పే వదులు షరతులు ఒక చోట. ఈ రోజు ఏ కూర్పుతో ఆడిందో మార్కప్‌సేఫ్‌తో సహా అక్షరం పొల్లుపోకుండా చెప్పే లాక్ ఫైలు ఇంకో చోట. నీటి ప్రోగ్రాంలాంటి దానికి రెండూ కావాలి. ఇతరులు వాడుకునే లైబ్రరీ రాస్తుంటే షరతులు వదులుగానే ఉంచాలి. అందులో బిగించిన ప్రతి అంకె దిగువనున్న వందమందికి ఇలాంటి తగాదాయే.

లాక్ చేశాం కదా అని మళ్లీ నాలుగేళ్లు పడుకుంటే కుదరదు. 2021 డిసెంబర్‌లో జావా లోకంలో లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో భద్రతా బొక్క బయటపడ్డప్పుడు 2.15, 2.16, 2.17 అంటూ ఒకే నెలలో వరసగా మార్చుకోవాల్సి వచ్చింది. పాత వెర్షన్ దగ్గర తాళం వేసుకుని కూర్చున్నవాళ్లు ఎక్కువ కష్టపడ్డారు. అలాగని రాత్రి వచ్చినదాన్ని పొద్దున్నే ఎక్కించే ఆత్రం కూడా మంచిది కాదు. 2024 మార్చిలో ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టులో దొంగదారి దొరికింది సరికొత్త 5.6.0, 5.6.1 వెర్షన్లలోనే, వాటిని ఎక్కించనివాళ్లు బతికిపోయారు. కొత్త వెర్షన్లను తానే గమనించే డిపెండాబాట్ లాంటిది నెలకోసారి పంపే మార్పులను పరీక్షలతో సరిచూసి కలుపుకోవడం చిన్న ప్రాజెక్టుకు మోయగలిగిన భారం. రోజువారీ పెడితే వారం తిరగకుండా అందరూ మ్యూట్ చేస్తారు.

ఇక ఎక్కడైనా పై హద్దు పెట్టక తప్పకపోతే దాని పైనే ఒక కామెంట్ లైన్ ఉండాలి, తెలుగులో రాసినా నష్టం లేదు: ‘నంపై 2 లోపు. మ్యాపు లైబ్రరీ ఇంకా సిద్ధం కాలేదు, ఇష్యూ లింక్ ఇదిగో. అది మూతపడ్డాక ఈ లైన్ తీసేసి మూడు నమూనాల పరీక్ష నడపండి.’ కింద తేదీ.